“పోతేనే మేలు” అన్న మాటను ఎలా వినాలి? – వృద్ధుల కుంగుబాటు, ఆత్మహత్యాపద పరిశోధనలపై ఒక భాషావిమర్శ

వ్యాససంగ్రహం:
కుంగుబాటుకు లోనైన వృద్ధులలో ఆత్మహత్యాపదను గుర్తించే పరిశోధనలు ప్రధానంగా మాటల మీద ఆధారపడి నడుస్తాయి. ప్రశ్న మాటే, జవాబు మాటే, మరణానంతరం బంధువులిచ్చే సాక్ష్యమూ మాటే. మరణం గురించి తెలుగు వృద్ధులు నిత్యవ్యవహారంలో మాట్లాడే తీరు ఈ పరిశోధనల ఊహలకు ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ లొంగదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కొలమానాల అనువాదం, పత్రికల వాడుక, ఆశ్రమవాసపర్వ కథ ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: వార్ధక్యం, కుంగుబాటు, మరణేచ్ఛ, విరక్తి, భారం, అనువాదం, పలకరింపు.

ఉపోద్ఘాతం:

మూడేళ్ళ కిందట మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని, వృద్ధుల కుంగుబాటును కొలిచే రెండు ప్రశ్నావళుల తెలుగు అనువాదాన్ని సరిచూడమని నా దగ్గరకు తెచ్చింది. భాష బాగుందో లేదో చెబితే చాలునని ఆమె కోరిక. నేనూ అంతే అనుకున్నాను. అచ్చుతప్పులు దిద్ది, కృతకంగా ఉన్న నాలుగైదు వాక్యాలను సులభం చేసి, గంటలో ముగించి ఇచ్చాను. నెల తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. చనిపోతే మేలనిపిస్తోందా అన్న అర్థం వచ్చే ప్రశ్నకు తాను కలిసిన పెద్దవాళ్ళలో చాలామంది అవునన్నారని, అదీ నవ్వుతూ అన్నారని చెప్పింది. “ఈ వయసులో పోతేనే మేలు కదమ్మా, నువ్వే చెప్పు” అని ఒకావిడ ఎదురు ప్రశ్న వేసిందట. ఒక పెద్దాయన మాత్రం “అలాంటిదేం లేదు” అని ముక్తసరిగా చెప్పి, చేతిలో ఉన్న కాగితం మంచం మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమెకు దిగులు పట్టుకున్నది ఆ ఒక్కాయన గురించే. ప్రశ్నావళి లెక్కలో మాత్రం ఆయనకు వచ్చింది సున్నా. ఆమె లెక్కను నమ్మక, తన పర్యవేక్షకుల ద్వారా ఆ ఇంటికి వైద్యుణ్ణి పంపించింది. మంచిపని చేసింది.

నేను దిద్దిన వాక్యంలో వ్యాకరణదోషం లేదు. అయినా అది పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్న నన్ను ఈ రంగంలోని పరిశోధనల వైపు మళ్ళించింది. నేను వైద్యుణ్ణి కాను. చికిత్స గురించి చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఆ పరిశోధనలు చదివే కొద్దీ, వాటిలో సగం పని భాషావేత్తలు, సాహిత్యవిమర్శకులు చేయవలసిన పని అనీ, దానిని మనం వాళ్ళకే వదిలేశామనీ అనిపించింది.

పరిశోధన నిలిచిన నేల:

చనిపోయిన మనిషిని ప్రశ్నించలేం. ఈ శాస్త్రానికి ఉన్న మౌలికమైన ఇబ్బంది ఇదే. దీనిని అధిగమించడానికి 1950ల చివర లాస్ ఏంజెలెస్‌లో ఎడ్విన్ ష్నైడ్‌మన్, నార్మన్ ఫార్బెరో తదితరులు మానసిక శవపరీక్ష అనే పద్ధతిని రూపొందించారు. పేరు కఠోరంగా ఉన్నా పని సున్నితమైనది. మరణించినవారి బంధువులను, స్నేహితులను, వైద్యులను కలిసి, ఆ వ్యక్తి చివరి దినాల మనఃస్థితిని వాళ్ళ మాటల నుంచి పునర్నిర్మించడం అందులో జరుగుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ కేంద్రంగా యీట్స్ కాన్‌వెల్, ఆయన సహచరులు ఈ పద్ధతితో వృద్ధులపై దశాబ్దాల పాటు పనిచేశారు. ఆత్మహత్యతో మరణించిన వృద్ధులలో అత్యధికులకు ఏదో ఒక మానసికవ్యాధి ఉందనీ, అందులో కుంగుబాటు స్థానం ప్రధానమనీ ఆ అధ్యయనాలు నిరూపించాయి. శారీరకవ్యాధి, ఇతరుల మీద ఆధారపడవలసి రావడం, జీవితభాగస్వామి మరణం, సంబంధాలు తెగిపోవడం దానికి తోడవుతాయి.

మరి రెండు ఫలితాలను ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, యువతతో పోలిస్తే వృద్ధులలో ప్రయత్నానికీ మరణానికీ మధ్య దూరం బాగా తక్కువ. హెచ్చరికలు తక్కువ, సంకల్పం గట్టిది, తట్టుకునే శరీరబలం క్షీణించినది. రెండవది, పాశ్చాత్య దేశాల్లో జరిగిన అధ్యయనాలను సమీక్షించి 2002లో ప్రకటించిన ఒక వ్యాసం ప్రకారం, ఇలా మరణించిన వృద్ధులలో సగానికి పైగా చివరి నెలలో ఒక సాధారణ వైద్యుణ్ణి కలిశారు. అంటే వాళ్ళు ఎవరికీ కనబడకుండా పోలేదు. ఒక వైద్యుడి ఎదురుగా కూర్చున్నారు, ఏదో మాట్లాడారు. ఆ మాట ఎవరికీ వినబడలేదు.

భారతదేశం సంగతి. 2017-18లో 45 ఏళ్ళు దాటిన 72 వేలమందికి పైగా వ్యక్తులతో జరిపిన లాసీ సర్వేలో, 60 ఏళ్ళు దాటినవారిలో 8.3 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు ఉండే అవకాశం ఉన్నట్టు తేలింది. తమకు ఆ వ్యాధి ఉన్నదని వైద్యుడు చెప్పాడని స్వయంగా తెలిపినవారు 0.8 శాతం మాత్రమే. పదింతల తేడా. దీనికి వైద్యుల కొరత ఒక కారణం, సందేహం లేదు. కానీ వైద్యుడు ఎదురుగా ఉన్నప్పుడు ఏ మాట వాడాలో తెలియకపోవడం కూడా ఈ అగాధంలో ఒక భాగమే. ‘డిప్రెషన్’ పట్టణాల మాట. ‘కుంగుబాటు’ పత్రికల మాట. ‘వ్యాకులత’ పాఠ్యపుస్తకాల మాట. డెబ్బై ఏళ్ళ పల్లెటూరి మనిషి వీటిలో ఏదీ వాడదు. “మనసు బాగాలేదు” అని కూడా అనదు. “అన్నం సయించడం లేదు”, “ఒళ్ళంతా మంటలు”, “కాళ్ళల్లో సత్తువ లేదు” అంటుంది.

కొలమానాల తెలుగు:

వృద్ధుల కోసమే ప్రత్యేకించి తయారైన కొలమానం జీడీఎస్. యెసావేజ్ బృందం 1982-83లో 30 ప్రశ్నలతో దీనిని రూపొందించింది. 1986లో 15 ప్రశ్నల సంక్షిప్తరూపం వచ్చింది. అవును, కాదు అన్న జవాబులు చాలు. దీని నిర్మాణంలో ఒక తెలివైన ఎంపిక ఉంది. నిద్రలేమి, ఆకలి మందగించడం, నొప్పులు మొదలైన శారీరకలక్షణాలను రూపకర్తలు బుద్ధిపూర్వకంగా పక్కన పెట్టారు. ముసలితనంలో అవి కుంగుబాటు లేనివారికీ ఉంటాయి కనుక, వాటిని లెక్కించితే ఫలితం తప్పుదారి పడుతుందని వారి వాదన. వాదన సరైనదే. కానీ మన వృద్ధుల దుఃఖం శరీరం ద్వారానే మాట్లాడుతుంది. శరీరభాషను పక్కన పెట్టిన కొలమానం స్టాన్‌ఫర్డ్ పరిసరాలలో చెవిని శుభ్రం చేసి ఉండవచ్చు. మన దగ్గర అదే పని చెవి మూసినట్టు అవుతుంది.

ఇక ప్రశ్నల్లోకి వెళితే, జీవితం శూన్యంగా తోస్తోందా అన్న భావం గల ప్రశ్న ఒకటి ఉంది. నా వద్దకు వచ్చిన అనువాదంలో “మీ జీవితం ఖాళీగా ఉందనిపిస్తుందా?” అని ఉంది. తెలుగులో ‘ఖాళీగా ఉండడం’ అంటే పనిలేకుండా, తీరిగ్గా ఉండడం. ఉద్యోగవిరమణ చేసిన మనిషి దానికి సంతోషంగా అవునంటాడు. ‘శూన్యం’ అని మార్చితే అది వేదాంతచర్చకు దారితీస్తుంది. ఇక్కడ సరైన తెలుగు మాట ‘వెలితి’. అదైనా “ఏదో వెలితిగా ఉందా?” అన్నప్పుడే పలుకుతుంది. జీవితానికి నేరుగా అతికించి “జీవితం వెలితిగా ఉందా” అంటే పలకదు. బతికి ఉండడం ఎంతో గొప్ప సంగతి అనిపిస్తోందా అన్న అర్థం గల మరో ప్రశ్న ఇంకా చిక్కుది. సుఖాన్ని బాహాటంగా ఒప్పుకోవడం మన పెద్దల మర్యాదలో లేదు. “ఏదో, దేవుడి దయవల్ల ఇలా వెళ్ళిపోతోంది” అన్నది సంతృప్తికి వాళ్ళు ఇచ్చే అత్యున్నతమైన రూపం. దిష్టి తగులుతుందన్న జంకు కూడా అందులో ఉంది. ఆ జవాబును పరిశోధకుడు ‘కాదు’ కింద రాసుకుంటే ఒక ఆరోగ్యవంతుడు రోగిగా నమోదవుతాడు.

‘ఒంటరి’ అన్న మాట మీద మరికొంచెం ఆగాలి. ఇంట్లో మరెవరూ లేకుండా ఉండడం, నలుగురిలో ఉన్నా తనవారు లేరనిపించడం – ఈ రెండూ వేరువేరు విషయాలని పరిశోధన మొదటినుంచీ చెబుతోంది. వాటికి వేరువేరు కొలతలున్నాయి. తెలుగులో రెండింటికీ ఒకటే ధాతువు. “ఒంటరిగా ఉన్నట్టనిపిస్తుందా” అని అడిగితే, కొడుకు, కోడలు, మనవలతో కలిసి ఉన్న పెద్దావిడ “ఏడుగురం ఉన్నాం ఇంట్లో, ఒంటరినెలా అవుతాను?” అంటుంది. అందులో అబద్ధం లేదు. ఆమెతో రోజుకు ఎన్ని మాటలు మాట్లాడుతున్నారన్నది ఆ ప్రశ్నకు తట్టదు. ఉమ్మడికుటుంబం వృద్ధులకు రక్షణ అని మన వ్యాసాల్లో తరచూ కనిపించే తీర్మానంలో కొంత భాగం ఈ ఒక్క మాట చేసిన మాయ అని నా అనుమానం.

జీడీఎస్‌లో ఆత్మహత్య గురించి నేరుగా ఒక్క ప్రశ్నా లేదు. 2001లో వచ్చిన పీహెచ్‌క్యూ-9 అనే కొలమానంలో తొమ్మిదవ ప్రశ్న ఉంది. మనకు ఉపోద్ఘాతంలో ఎదురైన ప్రశ్న అదే. దాని నిర్మాణంలోనే ఒక లోపముంది. చనిపోతే మేలన్న తలంపు, తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు – రెండూ ఒకే వాక్యంలో ‘లేదా’తో ముడిపడి ఉన్నాయి. ఆంగ్లంలోనే ఈ ముడి మీద విమర్శలున్నాయి. తెలుగులోకి వచ్చేసరికి మొదటి సగం మన వృద్ధుల నిత్యసంభాషణ అయి కూర్చుంటుంది. “పిలుపు రావడం లేదు”, “ఆ దేవుడు నన్ను మరిచిపోయాడు”, “కాటికి కాళ్ళు చాచుకున్నదాన్ని” – ఈ మాటలు ఎన్ని ఇళ్ళల్లో ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు. మందు వేసుకోమని మనవరాలు గుర్తుచేసినప్పుడు అనే మాట అది, కోడలి మీద అలిగినప్పుడు అనే మాట అది, పక్కింటావిడతో కుశలం చెప్పుకునేటప్పుడు అనే మాట కూడా అదే.

దీనినుంచి రెండు తప్పు నిర్ణయాలకు రావచ్చు. ఇవన్నీ ఆపద సంకేతాలే అని భయపడడం ఒకటి. ఇవన్నీ ముసలివాళ్ళ ఊతపదాలే అని కొట్టిపారేయడం రెండవది. మొదటిది విదేశీ కొలమానాన్ని గుడ్డిగా నమ్మేవారు చేస్తారు. రెండవది మనమందరం చేస్తాం. కుంగుబాటుకు చికిత్స పొందుతున్న వృద్ధులలో కేవల మరణేచ్ఛ ఉన్నవారికీ, క్రియాశీలమైన ఆత్మహత్యా చింతన ఉన్నవారికీ మధ్య గీత గీయడం వైద్యపరంగా అర్థవంతమేనా అని 1996లోనే పిట్స్‌బర్గ్‌లో కాటలిన్ శాంటో బృందం ప్రశ్నించింది. ఆ గీతను నమ్ముకోవద్దన్న వైపుకే వారి ఫలితాలు మొగ్గాయి. కనుక ‘ఊతపదం’ అన్నది వినకపోవడానికి సాకు కాకూడదు. అలాగని పదాన్ని పట్టుకుని ఆపదను తేల్చనూ లేం. పదం అదే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న సందర్భం మారుతుంది. నిన్నటిదాకా అలుగుతూ, తిడుతూ, పిలుపు రాలేదని పదిమందితో చెప్పుకున్న మనిషి హఠాత్తుగా ఆ మాట మానేస్తే, అన్నం తగ్గిస్తే, మందులు పక్కన పెడితే, తన వస్తువులు పంచిపెట్టడం మొదలుపెడితే వినవలసినది ఆ మౌనాన్ని. ఉక్తి కంటే అనుక్తం బలీయమని ధ్వనివాదులు చెప్పిన సంగతి మనం తరగతిలో ఏటా పాఠంగా చెబుతాం. ఇంట్లో వర్తింపజేయం.

‘విరక్తి’ అన్న విశేషణం:

తెలుగు పత్రికల్లో వృద్ధుల ఆత్మహత్యావార్తకు ఒక స్థిరమైన వాక్యనిర్మాణముంది. యువకుడైతే ‘క్షణికావేశంలో’. విద్యార్థి అయితే ‘మనస్తాపానికి గురై’. వృద్ధుడైతే ‘జీవితంపై విరక్తి చెంది’. ఈ మూడో పదబంధం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. విరక్తి మన ఆధ్యాత్మికపరిభాషలో గొప్ప గుణం. శతకకవులు, వేదాంతులు, వాగ్గేయకారులు సాధించాలని తపించిన స్థితి అది. వార్ధక్యంలో విరక్తి కలగడం సహజమే కాదు, కలగకపోతే లోపమని మన సంప్రదాయం భావించింది. ఆ మాటను తెచ్చి చికిత్సకు లొంగే వ్యాధితో పోరాడి ఓడిన మనిషి మరణానికి కారణంగా అతికించడంలో ఒక వ్యాధి తత్త్వచింతనగా మారిపోతుంది. పాఠకుడు నిట్టూర్చి పేజీ తిప్పుతాడు. విరక్తుడికి వైద్యం ఎవరు చేయిస్తారు?

‘అనారోగ్యం భరించలేక’ అన్నది దీనికి జోడు. ఇందులో శరీరవ్యాధి ఒక్కటే కారణంగా మిగులుతుంది, దాని నీడలో ఉన్న కుంగుబాటు మాయమవుతుంది. జాతీయ నేరగణాంక సంస్థ ఏటా ప్రచురించే నివేదిక పద్ధతి కూడా ఇలాంటిదే. అందులో ఒక్కో మరణానికి ఒక్కో కారణం చొప్పున ‘కుటుంబ సమస్యలు’, ‘అనారోగ్యం’ వంటి శీర్షికల కింద చేరుతుంది. మానసికవ్యాధి అనారోగ్యంలో ఒక ఉపశీర్షిక. వయసు విషయంలో 60 దాటినవారంతా ఒకే గడి. అరవై ఒకటేళ్ళ కొత్త పెన్షనరు, ఎనభై ఎనిమిదేళ్ళ మంచం పట్టిన విధవరాలు అందులో ఒకరే. వార్తలోని వాక్యానికీ నివేదికలోని గడికీ మూలం చాలాసార్లు ఒకటే: ఘటనాస్థలంలో బంధువు చెప్పిన మాట. కాన్‌వెల్ బృందం గంటల తరబడి కూర్చుని విని, ఇతర ఆధారాలతో సరిచూసుకున్న సాక్ష్యం ఇక్కడ దుఃఖంలో, భయంలో, పరువు గురించిన ఆలోచనలో పలికిన ఒక్క వాక్యంగా కుదించుకుపోతుంది. “ఆయనకు ఇంట్లో ఏ లోటూ లేదు” అన్న వాక్యం ఎవరి రక్షణ కోసం పలికినదో విమర్శకుడికి తెలియనిది కాదు.

క్రియాపదం సంగతి కూడా చూడాలి. తెలుగులో దొంగతనానికి ‘పాల్పడతారు’, దోపిడీకి ‘పాల్పడతారు’, ఆత్మహత్యకూ ‘పాల్పడతారు’. శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ఆత్మహత్యాప్రయత్నాన్ని నేరంగా చూసినంతకాలం ఆ క్రియ చట్టానికి అనుగుణంగానే ఉంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయసంహితలో పాత 309వ సెక్షన్ లేదు, ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకునేందుకు చేసే ప్రయత్నాన్ని మాత్రం 226వ సెక్షన్ కింద ఉంచారు. చట్టం మారింది, క్రియ మారలేదు. 2019 సెప్టెంబరులో ప్రెస్ కౌన్సిల్ వెలువరించిన మార్గదర్శకాలు ఇలాంటి వార్తల్లో సంచలన భాషను, సాధారణీకరణను వదులుకోమన్నాయి. వాటిని తెలుగు పదజాలం స్థాయికి తెచ్చి, ఏ మాట బదులు ఏ మాట అని చెప్పే పని ఇంకా మిగిలే ఉంది. ‘ఆత్మహత్యతో మరణించారు’ అన్నది చెవికి కొత్తగా ఉంటుంది. నేను ఈ వ్యాసంలో దానినే వాడాను.

ధృతరాష్ట్రుని ఉపవాసం:

తిక్కన ద్వారా మనకందిన ఆశ్రమవాసపర్వ కథను ఈ దృష్టితో మళ్ళీ చదివాను. ఒక మాట ముందే చెప్పాలి. ఇతిహాసపాత్రకు రోగనిర్ధారణ చేయడం నా ఉద్దేశం కాదు. అలాంటి వ్యాసాలు చాలా వస్తున్నాయి, వాటివల్ల సాహిత్యానికీ వైద్యానికీ ఒరిగేదేమీ కనబడదు. నేను చూడదలచినది పాత్రను కాదు, పాత్ర చుట్టూ ఉన్నవారి వినికిడిని.

నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న గుడ్డిరాజు ధర్మరాజు ఇంట పదిహేనేళ్ళు ఉంటాడు. లోటు లేదు. ధర్మరాజు వినయంగా సేవిస్తాడు. ఎవరూ ఆయన మనసు కష్టపెట్టకూడదని ఆజ్ఞ కూడా ఉంది. భీముడు మాత్రం ఆయన చెవిన పడేలా, కౌరవులను చంపిన తన భుజబలాన్ని చాటుకుంటూ ములుకుల్లాంటి మాటలంటాడు. వృద్ధరాజు అన్నం తగ్గిస్తాడు. ఒక్కోసారి రోజులో నాలుగవ కాలానికి, మరోసారి ఎనిమిదవ కాలానికి మాత్రమే తింటాడు. నేలమీద పడుకుంటాడు. ఈ సంగతి గాంధారికి తప్ప ఎవరికీ తెలియదు. పరిచారకులు ఆయన మామూలుగానే భోంచేస్తున్నాడనుకుంటారు. చివరికి వనవాసానికి అనుమతి అడిగినప్పుడు ఈ విషయం బయటపడుతుంది. తానింత దగ్గరగా ఉండి ఇది తెలుసుకోలేకపోయానని ధర్మరాజు తనను తాను నిందించుకుంటాడు. తరువాత అడవిలో దావాగ్ని చుట్టుముట్టినప్పుడు, నిరాహారంతో కదలలేని స్థితిలో ఉన్న ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పారిపొమ్మని చెప్పి, గాంధారీకుంతులతో కలిసి తూర్పుముఖంగా కూర్చుండిపోతాడు.

సంప్రదాయం దీనిని తపస్సుగా, వానప్రస్థధర్మంగా చదివింది. ఆ పఠనాన్ని నేను తోసిపుచ్చను. ముసలితనపు గుమ్మంలో స్వచ్ఛందంగా ప్రాణం విడవడాన్ని కొన్ని సమాజాలు కర్తవ్యంగా గౌరవించాయని 1897లోనే డర్కైమ్ రాశాడు. అలాంటి గౌరవం మన కావ్యాలకూ కొత్తకాదు. కానీ వార్ధక్య మనోవైద్యంలో పరోక్ష ఆత్మవినాశక ప్రవర్తన అన్న ఒక విభాగముంది: ఆహారం, మందులు, వైద్యసహాయం నిరాకరించడం ద్వారా మెల్లగా తప్పుకోవడం. ఏ గణాంకంలోనూ ఇది ఆత్మహత్యగా నమోదు కాదు. కథలో నన్ను ఆపినది ఉపవాసం కంటే ఆ పదిహేనేళ్ళ తెలియనితనం. ఇల్లు నిండా మనుషులున్నారు, సేవకు లోపం లేదు, పెద్దరికానికి గౌరవం ఉంది. ఆయన పళ్ళెంలో అన్నం తగ్గిన సంగతి మాత్రం కళ్ళకు గంతలు కట్టుకున్న గాంధారికే తెలిసింది.

భారం:

ఆత్మహత్యాపదను వివరించే సమకాలీన సిద్ధాంతాలలో థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించిన అంతర్వైయక్తిక సిద్ధాంతానికి వృద్ధుల పరిశోధనలో విశేషమైన ఆదరణ ఉంది. దానిని వృద్ధులకు అన్వయించడంలో కింబర్లీ వాన్ ఆర్డెన్ కృషి ముఖ్యమైనది. ఎవరికీ చెందనితనం, తాను ఇతరులకు భారమన్న భావం – ఈ రెండూ కలిసినప్పుడు మరణేచ్ఛ పుడుతుందని సిద్ధాంతసారాంశం. రెండవదానికి తెలుగులో ‘భారం’ అన్న మాట సిద్ధంగా ఉంది. సిద్ధంగా ఉండడమే ఇబ్బంది.

సిద్ధాంతంలోని భారం ఒక పొరపాటు గ్రహింపు. తన చావు కంటే తన బతుకు వల్లనే తనవాళ్ళకు నష్టమెక్కువని మనిషి తప్పుగా లెక్క కట్టుకోవడం. మన వాడుకలో ‘ఒకరికి భారం కాకుండా పోవాలి’ అన్నది ప్రార్థన. అనాయాస మరణాన్ని కోరుకోవడం గుడిమెట్ల మీద కూర్చుని చేసే నిత్యకృత్యం. అంతేకాదు, తల్లిదండ్రులను పోషించడం పిల్లలు తీర్చుకునే ఋణమన్న భావన ఈ సమాజంలో ఇంకా బతికే ఉంది. ఋణమున్నచోట పెద్దల ఉనికి భారం కాదు, బాకీ వసూలు. “నేను వాడికి భారమేంటి, వాణ్ణి నేను మోయలేదా?” అని గట్టిగా అనగలిగిన తల్లి ‘భారం’ అన్న మాట వాడుతూనే ఆ భావాన్ని తిప్పికొడుతోంది. ఆ ఋణభావన సడలిన ఇంట్లో, కొడుకులిద్దరూ చెరి ఆరునెలలు పంచుకున్న ఇంట్లో అదే మాటకు జాయినర్ చెప్పిన అర్థం వస్తుంది. ‘మీరు మీవాళ్ళకు భారమనిపిస్తుందా?’ అన్న ప్రశ్న ఈ రెండు ఇళ్ళనూ ఒకటిగా చూస్తుంది. అందుకే 1999లో చెన్నైలో 100 ఆత్మహత్యామరణాలను, మరో 100 మందితో పోల్చి చూసిన అధ్యయనానికి లక్ష్మీ విజయకుమార్, రాజ్‌కుమార్, ఆపదకారకాలు సార్వత్రికాలేనా అన్న అర్థం గల ప్రశ్ననే శీర్షికగా పెట్టడం నాకు నచ్చింది. అది వృద్ధులకు పరిమితమైన అధ్యయనం కాదు, మానసికవ్యాధి పాత్ర ఇక్కడా బలంగానే ఉందని తేల్చింది. అయినా ప్రశ్న అడగడం మానలేదు.

పలకరింపు:

ఇంతవరకూ లోపాలే చెప్పాను. ఈ పరిశోధనలు సాధించినవాటిలో భాషకు దగ్గరైన రెండింటిని తప్పక చెప్పాలి. 2004లో మార్తా బ్రూస్ బృందం ప్రకటించిన ప్రాస్పెక్ట్ అధ్యయనం న్యూయార్క్, ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ ప్రాంతాల్లోని 20 ప్రాథమిక వైద్యకేంద్రాలలో కుంగుబాటు ఉన్న 598 మంది వృద్ధులతో జరిగింది. సగం కేంద్రాలలో ప్రత్యేక శిక్షణ పొందిన ఒక సంరక్షకుణ్ణి నియమించారు. మందు వేసుకుంటున్నారా, ఎలా ఉంది, మళ్ళీ ఎప్పుడు వస్తారు అని క్రమంగా కనుక్కోవడం అతని పనిలో ముఖ్యభాగం. ఆ కేంద్రాలలో ఆత్మహత్యా చింతన మిగతాచోట్ల కంటే వేగంగా తగ్గింది.

ఇటలీలోని వెనెటో ప్రాంతంలో డియేగో దె లియో బృందం అధ్యయనం చేసిన టెలిఫోన్ సేవ ఇంకా సరళమైనది. వారానికి సగటున రెండుసార్లు వృద్ధులకు ఫోన్ చేసి మాట్లాడడం, అవసరంలో సహాయం పంపే ఏర్పాటు చేయడం, అంతే. 11 ఏళ్ళలో ఈ సేవ పొందిన 18,641 మందిలో 6 ఆత్మహత్యామరణాలు నమోదయ్యాయి. ఆ ప్రాంతపు రేటు ప్రకారం సుమారు 21 జరగవలసింది. అయితే ఈ లాభం స్త్రీలలోనే స్పష్టంగా కనబడింది, పురుషులలో అంతగా కనబడలేదు. సేవలో చేరినవారిలోనూ అత్యధికులు స్త్రీలే. మందుకు కాక మాటకు దక్కిన ఫలితమిది. పురుషులకు ఆ మాట అందలేదన్న చేదునిజమూ ఇందులోనే ఉంది.

ఈ పనికి తెలుగులో ఒక అందమైన మాట ఉంది: పలకరింపు. పరామర్శ కష్టం వచ్చాక చేసేది. పలకరింపుకు కారణం అక్కర్లేదు. ఎవరికీ చెందనితనాన్ని కొలిచే ప్రశ్నను “మిమ్మల్ని పలకరించేవాళ్ళు ఉన్నారా?” అని అడిగితే, ఒంటరితనం గురించిన ప్రశ్న కంటే మెరుగైన జవాబు వస్తుందని నా నమ్మకం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవ 14416 నంబరు ద్వారా తెలుగులో కూడా అందుతోంది. కానీ అందులో ఫోన్ చేయవలసింది బాధితుడు. వెనెటోలో ఫోన్ అవతలినుంచి వచ్చింది. ముక్తసరిగా జవాబిచ్చి లోపలికి వెళ్ళిపోయిన ఆ పెద్దాయన లాంటివారు తమంతట తాము ఏ నంబరూ నొక్కరు.

అడగడం గురించి మన ఇళ్ళల్లో మరో జంకు ఉంది. “ఆ మాటలెందుకమ్మా, తథాస్తు దేవతలుంటారు” అని మా విద్యార్థినిని ఒక కోడలు వారించింది. చావు గురించి అడిగితే చావు ఆలోచన పుడుతుందన్న ఈ భయం మనదొక్కటే కాదు, వైద్యులలోనూ ఉంది. అడగడం వల్ల ఆ చింతన పెరిగినట్టు ఆధారం లేదని 2014లో డాజీ బృందం చేసిన సమీక్ష తేల్చింది. తథాస్తు దేవతలకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

ఆ ప్రశ్నావళిని ఆమె, నేను మళ్ళీ కూర్చుని తిరగరాశాం. తొమ్మిదవ ప్రశ్నను రెండుగా విడదీశాం. నిబంధనల ప్రకారం అలా చేయకూడదు, అందువల్ల పాత రూపాన్ని కూడా యథాతథంగా ఉంచి, మా రెండు ప్రశ్నలను చివర అదనంగా చేర్చాం. మొదటిదానిలో “పోతే బాగుండునని మామూలుగా అంటూ ఉంటారా?” అని అడిగాం. రెండవదానిలో “ఈమధ్య ఆ మాట పైకి అనకుండా మనసులోనే ఎక్కువగా తలుచుకుంటున్నారా?” అని అడిగాం. పక్కన కొడుకు గాని కోడలు గాని లేనప్పుడే అడగాలని సూచన రాశాం. ‘ఖాళీ’ తీసి ‘వెలితి’ పెట్టాం. ‘భారం’ దగ్గర మాత్రం ఇద్దరం మూడు రోజులు వాదించుకుని, మాట దొరకక, ఆ వరుసను అలాగే వదిలి పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాం.